దాచకుండా చెప్పిన నాన్న

అమ్మకో నాన్నకో దీర్ఘకాలిక జబ్బు చేస్తే పిల్లలకు ఎంతవరకు చెప్పాలి? అమెరికా అధ్యక్షుడిగా 4 సార్లు ఎన్నికైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇంట్లో దీనికి జవాబు దొరుకుతుంది.

1921 ఆగస్టులో కెనడాలోని క్యాంపొబెల్లో దీవిలో సెలవులు గడుపుతుండగా ఆయనకు జ్వరమొచ్చింది. అప్పటికి వయసు 39 ఏళ్లు. కొద్దిరోజుల్లోనే కాళ్లు చచ్చుబడ్డాయి. పోలియో అని వైద్యులు తేల్చారు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు జాన్‌కు 5 ఏళ్లు.

ఆసుపత్రి నుంచి న్యూయార్క్‌లోని ఇంటికొచ్చాక రూజ్‌వెల్ట్ దుప్పటి తీసి, సన్నబడిన కాళ్లను పిల్లలకు చూపించేవారు. ఒక్కో కండరం పేరు చెప్పేవారు. ఏదైనా కాస్త కదిలితే చాలు, పిల్లలు కేరింతలు కొట్టేవారు. నేల మీద పాకుతూ కొడుకులతో కుస్తీ కూడా పట్టేవారు.

పెద్దమ్మాయి అనాకు 15 ఏళ్లు. ఆమె ఉంటున్న పెద్ద గదిని తండ్రి సలహాదారుకు ఇచ్చి, ఆమెను చిన్న గదికి పంపారు. ఎందుకో విడమరచి చెప్పలేదు. అనా బాగా నొచ్చుకుంది. చిన్నపిల్లే కదా అని ఆమెకు ఏమీ చెప్పకపోవడం తప్పని తల్లి ఎలినార్ తర్వాత గ్రహించారు.

కాళ్ల సంగతి కెమెరాలకు చిక్కకుండా 1945లో కన్నుమూసేదాకా జాగ్రత్తపడిన ఆ నాయకుడు, పిల్లల దగ్గర మాత్రం దాచలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న తల్లిదండ్రులకూ ఇదే దారి. నెబ్యులైజర్ ఎందుకు పెట్టుకుంటున్నారో, ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం ఎలా ఇబ్బంది పెడుతుందో పిల్లలకు వాళ్ల మాటల్లోనే చెప్పండి. అది అంటుకోదనీ చెప్పండి.