బడిపంతులు నేర్పిన ఆట

సాయంకాలం మన అరకు, పాడేరు ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల మైదానాల్లో చెప్పులు ఒక పక్కన విడిచి బంతి వెంట పరుగెత్తే పిల్లలను మీరు చూసే ఉంటారు. అలా వట్టికాళ్లతో ఆడినవారే ఒకప్పుడు మన దేశానికి బంగారు పతకం తెచ్చారంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. వారిని తీర్చిదిద్దినవాడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ ఆయన రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తరువాత ఉపాధ్యాయ వృత్తిలో చేరి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఆటగాడిగా ఆయన పేరు పెద్దగా ఊరు దాటలేదు. ఆట నేర్పడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి ఏమిటో చూడండి. పిల్లలకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి. మరో పోటీలో బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ ఒక్కడే ముందుకు పోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. తన లోపాన్ని సరిదిద్దుకోవడం, పక్కవాణ్ణి నమ్మడం, ఈ రెండూ పిల్లవాడికి ఆటలోనే అబ్బేవి.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణం పొందింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం పరాభవం ఎదురైంది. యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 తేడాతో ఓడిపోయారు. చలిదేశంలో, బూట్లు తొడిగిన బలమైన ప్రత్యర్థుల ముందు మనవారిలో చాలామంది వట్టికాళ్లతోనే దిగారు. ఆ తరువాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అంత పెద్ద ఓటమి తరువాత ఎవరైనా తప్పుకుంటారు. రహీం సాబ్ మళ్లీ పాఠం మొదలుపెట్టారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవరకు ఏ ఆసియా దేశమూ అక్కడిదాకా వెళ్లలేదు. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్లీ ఆ యుగోస్లావియాయే. ముందుగా గోలు చేసింది మనవారే! చివరకు 4-1తో ఓడి, నాలుగో స్థానంతో తిరిగివచ్చారు. పతకం రాకపోయినా, పది గోళ్ల అవమానం నుంచి ఎంత దూరం నడిచారో గమనించండి.

1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చాయి. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఆపైన వెనుక కాపలా కాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ఇంటికి పంపలేదు, ముందు వరుసలో నిలబెట్టారు. ఫ్లూ నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌కు ఫైనల్‌లో గోలు కాపాడే బాధ్యత అప్పగించారు. సెప్టెంబరు 4న, విరోధంగా కేకలు వేసే జనసమూహం ఎదుట, అదే దక్షిణ కొరియాపై మనవారు 2-1తో గెలిచారు. మొదటి గోలు పి.కె. బెనర్జీది. రెండవది, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్‌ది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధి ఆయనను తీసుకుపోయింది. అప్పటికి వయస్సు 53. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. ఆయన జీవితంపై 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మరో స్వర్ణం నేటివరకు రాలేదు.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! మన కొండల్లో పరుగెత్తగల కాళ్లకు కొదవ లేదు. ఆట ముగిసేదాకా మైదానం పక్కన నిలబడి, ఓడిన పిల్లవాడికి మరునాడు మళ్లీ పాఠం చెప్పే మనిషే కరువు. మీ ఊరి మైదానంలో ఆ చోటు ఖాళీగా ఉందేమో, ఈ వారం ఒకసారి వెళ్లి చూడండి.