లిఫ్ట్ తలుపుకు భద్రత నేర్పిన అలెగ్జాండర్ మైల్స్

మహనీయుల జీవితాలు అనగానే మనకు డాక్టర్ అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, గుర్రం జాషువా గుర్తుకు వస్తారు. వారి గురించి మనమందరం చదువుకున్నాం. పుట్టుక కారణంగా చిన్నచూపునకు గురై, తన తెలివితో లోకానికి మేలు చేసిన మరో వ్యక్తిని ఈ వార్షికోత్సవ సంచికలో మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేస్తున్నాం. ఆయనే అమెరికాకు చెందిన నల్లజాతి ఆవిష్కర్త అలెగ్జాండర్ మైల్స్.

మైల్స్ 1838లో ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. ఆ రాష్ట్రంలో బానిసత్వం లేదు. కానీ నల్లవారికి సమానత్వమూ లేదు, ఓటు హక్కు కూడా లేదు. అటువంటి రోజుల్లో పెరిగిన మైల్స్ యువకుడిగా విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్లి క్షౌరవృత్తిలో స్థిరపడ్డాడు. తరువాత మిన్నెసోటా రాష్ట్రంలోని వినోనాలో సొంతంగా కటింగ్ షాపు నడిపాడు. ఆ కాలంలో నల్లవారు నాలుగు డబ్బులు సంపాదించగలిగిన కొద్దిపాటి వృత్తుల్లో ఇది ఒకటి. అక్కడే కాండేస్ డన్‌లప్ అనే శ్వేతజాతి వితంతువును వివాహం చేసుకున్నాడు. ఆ రోజుల్లో అటువంటి పెళ్లికి ఎంత ధైర్యం కావాలో మనం ఊహించుకోవచ్చు. 1876లో వారికి గ్రేస్ అనే కూతురు పుట్టింది.

సుపీరియర్ సరస్సు ఒడ్డున డులుత్ అనే పట్టణం అప్పుడప్పుడే ఎదుగుతోంది. మైల్స్ కుటుంబం అక్కడికి చేరింది. ఒక హోటల్‌లో ఆయన పెట్టిన కటింగ్ షాపు బాగా నడిచింది. వచ్చిన డబ్బును వృథా చేయక స్థలాలు కొన్నాడు. 1884లో మూడంతస్తుల రాతి భవనం కట్టించాడు. డులుత్ వర్తక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే.

అది ఎత్తయిన భవనాలు మొదలైన కాలం. తాడు తెగినా లిఫ్ట్ కింద పడకుండా ఆపే ఏర్పాటును ఎలిషా ఓటిస్ 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో చూపించాడు. దానితో జనానికి తాడు భయం తగ్గింది. కానీ తలుపు భయం అలాగే ఉండిపోయింది. లిఫ్ట్‌కు రెండు తలుపులుంటాయి. ఒకటి మనం నిలబడే పెట్టెకు, రెండవది ప్రతి అంతస్తులో లిఫ్ట్ తిరిగే గుంతకు. ఆ రోజుల్లో వీటిని లిఫ్ట్ నడిపేవాడో, ఎక్కేవాడో చేత్తో మూయవలసి వచ్చేది. మూయడం మరిచిపోతే లిఫ్ట్ వెళ్లిపోయాక కూడా గుంత నోరు తెరుచుకునే ఉంటుంది. వెనుక వచ్చినవారు చూసుకోకుండా అడుగు వేస్తే ప్రాణాలే పోయేవి. కూతురు గ్రేస్‌తో లిఫ్ట్ ఎక్కినప్పుడు మైల్స్ ఈ ప్రమాదాన్ని గమనించాడని చెబుతారు.

మనిషి మతిమరుపును మాన్పించలేం. అందుకే తలుపు మూసే పనిని మైల్స్ లిఫ్ట్‌కే అప్పగించాడు. పెట్టెకు ఒక బెల్టు అమర్చాడు. గుంతలో ప్రతి అంతస్తుకు కాస్త పైన, కాస్త కింద డ్రమ్ములు పెట్టాడు. లిఫ్ట్ కదులుతూ బెల్టు డ్రమ్మును తాకినప్పుడు లీవర్లు, రోలర్ల ద్వారా తలుపులు తగిన సమయానికి తెరుచుకుని మూసుకునేవి. 1887 అక్టోబరు 11న ఈ పద్ధతికి 371207 నంబరుతో పేటెంట్ లభించింది. తలుపులు వాటంతటవే మూసుకునే పద్ధతికి అంతకుముందే 1874లో జాన్ మీకర్ పేటెంట్ పొందాడు. అయినా లిఫ్ట్ కదలికతోనే తలుపులను నడిపించిన మైల్స్ పద్ధతి ఈ రంగంలో పెద్ద ముందడుగు.

పేరు, డబ్బు వచ్చాక ఆయన తనవారిని మరిచిపోలేదు. నల్లవారికి జీవిత బీమా ఇవ్వడానికి కంపెనీలు నిరాకరిస్తున్న రోజుల్లో షికాగో వెళ్లి, వారి కోసం యునైటెడ్ బ్రదర్‌హుడ్ అనే బీమా సంస్థను స్థాపించాడు. ఆ తరువాత సియాటిల్ చేరి, ఒక హోటల్‌లో మళ్లీ తన పాత వృత్తే చేశాడు. భవనం కట్టించిన చేతులతో మళ్లీ కత్తెర పట్టడానికి ఆయన నామోషీ పడలేదు. 1918లో కన్నుమూశాడు. 2007లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో ఆయన పేరు చేరింది.

నేడు బెల్టులు, డ్రమ్ముల స్థానంలో మోటార్లు, సెన్సార్లు వచ్చాయి. తలుపుల మధ్య చెయ్యి పెడితే కంటికి కనిపించని కిరణాలు గుర్తించి తలుపును వెనక్కి తెరుస్తాయి. ప్రతి అంతస్తు తలుపూ మూసుకుని తాళం పడితేనే లిఫ్ట్ కదలాలి. కొత్త లిఫ్టుల్లోని ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు ఏ అంతస్తులో తలుపు సరిగా మూసుకోలేదో నమోదు చేస్తాయి. మెకానిక్ అన్ని అంతస్తులూ వెతకకుండా నేరుగా అక్కడికే వెళ్లి బాగు చేయవచ్చు. లిఫ్ట్‌లో ఎక్కువగా అరిగేది తలుపు భాగాలే. అందుకే తలుపు జారే గాడిలో దుమ్ము తీయడం, రోలర్లు చూడడం, తాళం కాంటాక్టులు పరీక్షించడం ఎప్పటికప్పుడు జరగాలి.

అయినా తెరిచి ఉన్న గుంతలో పడి ప్రాణాలు కోల్పోయిన వార్తలు నేటికీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. లిఫ్ట్ ఆగిపోతోందని తలుపు తాళం వైర్లను నేరుగా కలిపేస్తే, తలుపు తెరిచి ఉన్నా లిఫ్ట్ కదులుతుంది. మైల్స్ మూసిన గుంత నోటిని మనమే మళ్లీ తెరిచినట్లవుతుంది.

సోదర విద్యార్థులారా! మన హాస్టళ్ల నుంచి ఎలక్ట్రీషియన్లుగా, ఇంజనీర్లుగా వెళ్లేవారు ఎందరో ఉంటారు. రేపు ఒక లిఫ్ట్ తలుపు మీ చేతికి వచ్చినప్పుడు, దాని ముందు ఒక చిన్నపిల్ల నిలబడి ఉందని తలచుకోండి. తొందరపడి తాళం వైరు కలపకండి. ఇంజనీరింగ్ చదవని ఒక క్షౌరవృత్తిదారుడు పసిపిల్లల ప్రాణాల గురించి అంతగా ఆలోచించగలిగాడు. చదువుకునే అవకాశం దొరికిన మనం అంతకంటే తక్కువ ఆలోచించకూడదని మా మనవి.