బొగ్గు లెక్క కట్టిన పండితుడు - జెవన్సు

పంతొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున ఇంగ్లండు దేశపు సంపద యంతయు నేలబొగ్గు మీద నిలిచి యుండెను. ఇనుము కరగించుటకు బొగ్గు, నూలుమిల్లు త్రిప్పుటకు బొగ్గు. రైలుబండికి, పొగయోడకు, చలికాలమున ఇంటిలోని కుంపటికి, తుదకు వీధిదీపములలో వెలుగు గ్యాసునకు సహితము బొగ్గే ఆధారము. గాలివలె నది యెన్నటికిని తరుగదని జనులు నిశ్చింతగా నుండిరి. దేశము వృద్ధి చెందినకొలది దాని ఇంధనపు టాకలి యెట్లు పెరుగునో లెక్క కట్టి, ఆ నిశ్చింతను చెదరగొట్టినవాడు ముప్పది యేండ్లు నిండని యొక యువకుడు. ఆయనయే విలియం స్టాన్లీ జెవన్సు.

జెవన్సు 1835 సెప్టెంబరు 1వ తేదీన లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి ఇనుప వర్తకుడు. తల్లి విద్యావతి; ఆమె కుమారుని పదవయేటనే మరణించెను. రైలుమార్గములమీద జనులు వెఱ్ఱిగా సొమ్ము కుమ్మరించిన పిమ్మట వచ్చిన వ్యాపార సంక్షోభమున, 1848లో తండ్రి వర్తకము దివాలా తీసెను. వ్యాపారపు టాటుపోట్లను గూర్చి జెవన్సు తరువాత చేసిన విచారణకు బీజము తన యింటనే పడినదని చెప్పవచ్చును.

లండనులో రసాయనశాస్త్రము చదువుచుండగా, ఆస్ట్రేలియాలోని సిడ్నీయందు క్రొత్తగా స్థాపించుచున్న టంకశాలలో బంగారపు వన్నె పరీక్షించు నుద్యోగము ఆయనకు లభించెను. 1854లో, పందొమ్మిదవయేటనే, చదువు సగములో విడిచి ఓడ యెక్కెను. అచ్చట జీతము మంచిది, పని తేలిక. తీరిక వేళల వాతావరణపు వివరములు కొలిచి వ్రాసికొనుచుండెను. అయినను అయిదేండ్లకే ఆ సుఖజీవనమును వదలి స్వదేశము చేరి, మరల విద్యార్థియై, 1862లో ఎం.ఏ. పట్టము నందెను. మరుసటి యేడు మాంచెస్టరులోని ఓవెన్సు కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను.

ఆయన పేరు దేశమంతట మారుమ్రోగించిన గ్రంథము బొగ్గు సమస్యను గూర్చినది, 1865లో వెలువడెను. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సుల భూగర్భమున నాలుగువేల అడుగుల లోతువరకు సుమారు 8 వేల కోట్ల టన్నుల బొగ్గు కలదని ఎడ్వర్డు హల్లు అను శాస్త్రజ్ఞు డంతకుముందే లెక్కించియుండెను. ఏటికి త్రవ్వుచున్నది 8 కోట్ల టన్నులకు కొంచెము పైన. భాగించి చూచినవారు, వెయ్యేండ్లకు కొదువ లేదని తృప్తి చెందిరి. భాగహారము సరియైనదే గాని, ఆ 8 కోట్ల అంకె నిలుకడగా నుండునది కాదని జెవన్సు చూపెను. బొగ్గు వాడుక యేటికి నూటికి మూడున్నర వంతున పెరుగుచుండెను. చక్రవడ్డీకి అప్పు తెచ్చినవారికి ఈ లెక్క వేరుగా బోధింప నక్కరలేదు: ఇరువదియేండ్లకు రెట్టింపు, నలువదియేండ్లకు నాలుగింతలు. అట్లే సాగినచో 1961 నాటికి ఏటికి 260 కోట్ల టన్నులు కావలెను. నూటపదియేండ్లలో, ఉన్నదని చెప్పిన నిల్వయంతయు చాలదు.

జనసంఖ్య పెరుగుట ఒక్కటే దీనికి కారణము కాదు. తలకొక్కింటికి వాడు బొగ్గును పెరుగుచుండెను. ఇనుము కావలసినవారు, రైలెక్కువారు, మిల్లుబట్ట కట్టువారు ఏటేట అధికమగుచుండిరి. బొగ్గు ఒకనాడు హఠాత్తుగా నిండుకొనునని జెవన్సు చెప్పలేదు. ఆయన భయము వేరు. గనులు లోతైనకొలది బొగ్గు ప్రియమగును. ప్రియమైనచో ఇంగ్లండు సరకులు అగ్గువగా బొగ్గు దొరకు అమెరికావంటి దేశముల సరకులతో పోటీ పడజాలవు.

మంచి యంత్రములు వచ్చి బొగ్గును పొదుపు చేయును గదా యని చాలమంది వాదించిరి. గ్రంథమునందలి మిక్కిలి విలువైన భాగము దీనికి జెవన్సు ఇచ్చిన సమాధానమే. జేమ్సు వాటు ఆవిరియంత్రము పాతవానికంటె ఎంతో తక్కువ బొగ్గుతో పనిచేసెను; దాని తరువాతనే దేశమున బొగ్గు వాడుక విజృంభించెను. స్కాట్లండు కొలుములలో వేడిగాలి నూదు పద్ధతి వచ్చినపిదప, టన్ను ఇనుమునకు పట్టు బొగ్గు మూడవవంతు కంటెను తగ్గెను. కాని 1830కిని 1863కును నడుమ అచ్చటి మొత్తము బొగ్గు వాడుక పదింతలయ్యెను. పొదుపువలన ఇనుము చౌక యయ్యెను, చౌక యైనందున గిరాకి హెచ్చెను, గిరాకివలన క్రొత్త కొలుములు లేచెను. నేటి అర్థశాస్త్రజ్ఞులు దీనిని జెవన్సు పేరనే వ్యవహరింతురు.

1866లో జాన్ స్టూవర్టు మిల్లు పార్లమెంటున ఈ గ్రంథమును ప్రశంసించెను. ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టను బొగ్గు సంపద యున్నప్పుడే జాతీయ ఋణము కొంత తీర్పవలెనని తలపెట్టెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. ఆ సంఘము 1871లో, బొగ్గు తలచినదానికంటె ఎక్కువగానే కలదని నివేదించుటతో కలవరము చల్లారెను.

కాలము జెవన్సు లెక్కను కొంత నిజము చేసెను, కొంత త్రోసివేసెను. బ్రిటను బొగ్గు ఉత్పత్తి 1913లో 28 కోట్ల 70 లక్షల టన్నులకు చేరి, ఆపైన దిగజారెను. ఆయన 260 కోట్లనిన 1961లో 20 కోట్లకు లోబడియే యుండెను. పెట్రోలియము బొగ్గునకు బదులు కాజాలదని ఆయన తలచుట పొరపాటు. ఇనుము, నేతలతో ఎదిగిన దేశము ముదిరి, తక్కువ ఇంధనము పట్టు వృత్తులకు మరలుట ఆయన ఊహకందలేదు. బ్రిటనున కడపటి లోతుగని 2015లోను, కడపటి బొగ్గు విద్యుత్కేంద్రము 2024 సెప్టెంబరు 30నను మూతపడెను. అయితే ఆ దేశీయులు వాడు ఇనుములో కొంత ఇప్పుడు పరదేశపు కొలుములలో కరగుచున్నది. ఆ బొగ్గు ఆ దేశముల పద్దున చేరును. ఎదుగుచున్న దేశములందు మాత్రము జెవన్సు లెక్క కొనసాగుచునే యున్నది. ఆయన గతించిన ఏడేండ్లకు, 1889లో, సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 2024-25లో భారతదేశపు బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటెను.

1866లో జెవన్సు ఆచార్యుడయ్యెను. మరుసటి యేడు వివాహమాడెను. తర్కప్రశ్నలకు మీటలు నొక్కి సమాధానము రాబట్టు యంత్ర మొకటి నిర్మించెను. వస్తువు విలువకు మూలము దాని ప్రయోజనమే యని 1871లో వాదించి అర్థశాస్త్రపు దారిని మార్చెను. సూర్యునిలోని మచ్చలనుబట్టి భారతదేశపు పంటలును, ఆ పంటలనుబట్టి ఇంగ్లండు వ్యాపారమును ఒడిదుడుకులు చెందునని కూడ వ్రాసెను. ధాత కరువు నాటి మాట యది. శాస్త్రజ్ఞులు మాత్రము దాని నంగీకరింపలేదు.

1881లో ఆయన ఉచిత గ్రంథాలయములను సమర్థించుచు నొక వ్యాసము ప్రకటించెను. ఇంటి బీరువాలోని పుస్తకము ఏడాది పొడవున నిద్రించును. గ్రంథాలయమునందలి పుస్తకము నూరుచేతులు మారి నూరింతల ప్రయోజన మిచ్చును. కావున పన్నుల సొమ్ము వెచ్చించుటకు ఇంతకంటె లాభకరమైన పని అరుదని ఆయన వాదము. బొగ్గువలె బూడిద కాని సంపదను గూర్చి బొగ్గు పండితుడు వ్రాసిన ఈ వ్యాసము గ్రంథాలయ సభ్యులకు తెలియదగినది.

1882 ఆగస్టు 13న హేస్టింగ్సు సమీపమున సముద్రస్నానము చేయుచు, నలువదియారవయేట, జెవన్సు మునిగి మరణించెను. ఆయన కుమారుడు హెర్బర్టు స్టాన్లీ బ్రిటను బొగ్గు వ్యాపారముమీద గ్రంథము వ్రాసి, అలహాబాదు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడుగా పనిచేసెను. సరకులు కరవగునను భీతి జెవన్సునకు సొంత జీవితమునను ఉండెడిది. కాగితము దొరకదేమో యని కట్టలు కట్టలుగా కొని దాచెను. ఆయన మరణించిన యేబదియేండ్లకును ఆ కాగితము ఇంకను మిగిలియే యుండెనట.