కట్టమంచి రామలింగారెడ్డి

సర్ కట్టమంచి రామలింగారెడ్డి (డిసెంబరు 10, 1880 - ఫిబ్రవరి 24, 1951) సుప్రసిద్ధ సాహితీవేత్త, విద్యావేత్త, వక్త. సి.ఆర్.రెడ్డిగా ప్రసిద్ధుడు. ఇతడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి.

విద్యాభ్యాసం

రామలింగారెడ్డి చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో జన్మించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ ఉపకారవేతనంపై ఇంగ్లాండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. ఈ కళాశాల 1511లో స్థాపితమైంది. ఆనాటి మద్రాసు విశ్వవిద్యాలయం ప్రధానంగా పరీక్షలు నిర్వహించే సంస్థ. కేంబ్రిడ్జిలో పరీక్షలు, పట్టాలు విశ్వవిద్యాలయానివి కాగా, విద్యార్థి నివాసం, సహపంక్తి భోజనం, గురువు వ్యక్తిగత పర్యవేక్షణ కళాశాలకు చెందినవి. వివిధ కళాశాలల విద్యార్థులు రాజకీయ, సామాజిక విషయాలపై వాదించుకొనే చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్. దీనికి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

ఉద్యోగ జీవితం

స్వదేశానికి తిరిగివచ్చాక మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకుడిగా, ప్రధానాచార్యుడిగా, అనంతరం మైసూరు సంస్థాన విద్యాశాఖాధికారిగా పనిచేశాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడగా దానికి ఉపకులపతి అయ్యాడు. 1930లో జాతీయోద్యమంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా, తాను తీర్చిదిద్దుతున్న విశ్వవిద్యాలయ పదవికే రాజీనామా చేశాడు. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయ్యాడు. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించగా, రామలింగారెడ్డి మళ్ళీ ఉపకులపతిగా ఎన్నికై 1949 వరకు కొనసాగాడు.

రచనలు

అనంతపురం ప్రాంతపు చెరువుకట్ట కథ ఆధారంగా వ్రాసిన ముసలమ్మ మరణము (1900) ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి కావ్యాలలో ఒకటి. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పరిశీలించిన కవిత్వతత్త్వ విచారము (1914) తెలుగు సాహిత్య విమర్శకు కొత్త దారి చూపింది.