రేగడి మట్టి, టెర్జాగీ

మార్టూరు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్ళకి తెలుసు: వానకి నేల ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, గోడ పగులుతుంది. ఇలాంటి బంకమట్టిని లెక్కల్లోకి తెచ్చింది కార్ల్ టెర్జాగీ. మా సీఎస్ఈ వాళ్ళకి పెద్దగా తెలీని పేరు.

1883లో ప్రాగ్‌లో పుట్టారు. చదివింది మెకానికల్. గ్రాజ్‌లో అల్లరి ఎక్కువై కాలేజీ నుంచి పంపేయబోతే ఒక ప్రొఫెసర్ అడ్డుపడ్డారట. 1916లో ఇస్తాంబుల్ వెళ్ళి పాఠాలు చెప్పారు, యుద్ధం అయ్యాక అక్కడే రాబర్ట్ కాలేజీలో చేరారు. సరైన ల్యాబ్ లేదు. సిగార్ పెట్టెలు, పాత సామాన్లతో పరికరాలు తనే చేసుకుని, ఏళ్ళ తరబడి తడి బంకమట్టిని నొక్కి చూశారు. బరువు పెట్టగానే ముందు మోసేది రేణువుల మధ్య ఉన్న నీళ్ళు. అవి మెల్లగా బయటికి పోతుంటే భారం రేణువుల మీద పడుతుంది, నేల కుంగుతుంది. సివిల్ వాళ్ళు ఎఫెక్టివ్ స్ట్రెస్ అని చదివేది దీని గురించే. 1925లో పుస్తకం వచ్చింది. తర్వాత ఎంఐటీ, వియన్నా, హార్వర్డ్. 1963లో పోయారు.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మొదలైంది 1979లో. అక్కడి ఫ్లై యాష్‌లో సున్నం తక్కువ, అందుకే కొంచెం సున్నం కూడా చేర్చి రేగడిలో కలపాలి. అప్పుడు మెత్తని రేణువులు గుంపుకడతాయి, సిమెంటులా పట్టుకుంటాయి, ఉబ్బు తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఈడోమీటర్‌లో పెట్టి కొలుస్తారు. టెర్జాగీ ఇస్తాంబుల్‌లో మట్టిని నొక్కింది అలాంటి పరికరంలోనే.