విహంగ మిత్రుడు సలీం ఆలీ

మనిషి ఇల్లు కట్టుకున్న ప్రతిచోటా పక్షి కూడా తన గూటికి కాస్త చోటు వెతుక్కుంది. ఇంటి చూరులో పిచ్చుక, పందిరి తీగకు తేనెపిట్ట, బావిగట్టు మీది ఈతచెట్టుకు గిజిగాడు గూళ్ళు కట్టుకోవడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. ఆ గూళ్ళను చూసి ముచ్చటపడేవారు ఎందరో ఉంటారు. వాటి ముందు నెలల తరబడి ఓపికగా కూర్చుని, అందులో జరిగే జీవితాన్ని అర్థం చేసుకుని, లోకానికి తెలియజెప్పేవారు మాత్రం అరుదు. అటువంటి అరుదైన వ్యక్తి డాక్టర్ సలీం ఆలీ. భారతదేశంలో పక్షిశాస్త్రం అనగానే మొదట స్ఫురించే పేరు ఆయనదే.

సలీం ఆలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరంలో జన్మించారు. తోబుట్టువులందరిలో ఆయనే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ళ వయసులో తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీసి పెంచారు. సంతానం లేని ఆ దంపతుల ఆదరణలో, బొంబాయిలోని ఖేత్‌వాడీ ప్రాంతంలో సలీం బాల్యం గడిచింది.

మేనమామకు వేట అంటే ఎంతో ఇష్టం. ఆ కాలపు సంపన్న కుటుంబాలలో వేట ఒక గౌరవప్రదమైన వినోదం. మేనల్లుడికి కూడా ఆ సరదా అబ్బింది. చేతిలో ఎయిర్‌గన్, కంటి ముందు పిచ్చుకలు ఉంటే చాలు, ఆ బాలుడికి పొద్దు తెలిసేది కాదు. పెద్దయ్యాక గొప్ప వేటగాడు కావాలన్నదే అప్పట్లో అతని కోరిక.

సలీంకు సుమారు పదేళ్ళ వయసున్నప్పుడు ఇంటి గుర్రపుశాలలో ఒక పిచ్చుకల జంట గోడ రంధ్రంలో గూడు పెట్టుకుంది. ఆడ పిచ్చుక లోపల గుడ్లను పొదుగుతుండేది. మగ పిచ్చుక రంధ్రం దగ్గరి మేకుపై కూర్చుని కాపలా కాసేది. సలీం గుర్రపుబండి చాటున నక్కి ఆ మగ పిచ్చుకను కాల్చాడు. కొద్దిసేపటికే మరొక మగ పిచ్చుక వచ్చి అదే మేకుపై కూర్చుంది. దానినీ కాల్చాడు. ఆ తరువాత ఇంకొకటి వచ్చింది. ఏడు రోజులలో ఆ ఒక్క మేకు మీదనే ఎనిమిది మగ పిచ్చుకలు నేలకూలాయి. అయినా ఆ ఆడ పిచ్చుకకు ప్రతిసారీ కొత్త తోడు దొరుకుతూనే ఉంది.

ఈ సంఘటన వినడానికి బాధాకరంగానే ఉంటుంది. కాని అందులో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఆ బాలుడు తాను చూసినదంతా కాగితంపై రాసి పెట్టుకున్నాడు. తన గురి ఎంత గొప్పదో చెప్పుకోవడానికే అతడు ఆ వివరాలు రాశాడు. కాలం గడిచి పక్షుల ప్రవర్తనను శాస్త్రజ్ఞులు అధ్యయనం చేయడం మొదలుపెట్టాక, ఆ పసివాడి రాతకు అతడు ఊహించని విలువ ఏర్పడింది. వేటగాడి ఉత్సాహం వెనుక ఒక పరిశీలకుడి చూపు దాగి ఉందని ఆ కాగితం నిరూపించింది. ఆ చూపును గుర్తించి సరైన దారిలో పెట్టేవారు అతనికి త్వరలోనే లభించారు.

ఒకనాడు సలీం కాల్చిన పిచ్చుక మిగిలినవాటిలా కనిపించలేదు. దాని గొంతుపై పసుపురంగు మచ్చ ఉంది. అటువంటి పక్షిని తినవచ్చునా, తినకూడదా అని మేనమామను అడిగాడు. మేనమామకు కూడా ఆ పక్షి ఏమిటో తెలియలేదు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యులు కావడంతో, ఆ సంస్థ కార్యదర్శి మిల్లార్డ్ వద్దకు ఒక ఉత్తరం ఇచ్చి పంపారు. అంతటి పెద్దమనిషిని కలవడానికి సలీం బెదురుతూనే వెళ్ళాడు. మిల్లార్డ్ ఆ పిల్లవాడిని తక్కువగా చూడలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాలలో భద్రపరచిన పక్షుల నమూనాలను ఒక్కొక్కటిగా చూపించారు. పిచ్చుకలలోనే ఇన్ని రకాలున్నాయని తెలిసి ఆ బాలుడు అబ్బురపడ్డాడు. చదువుకోవడానికి పుస్తకాలు, పక్షుల చర్మాలను భద్రపరిచే విద్య కూడా అక్కడే అతనికి లభించాయి. సలీం ఆలీ జీవితం మలుపు తిరిగిన రోజు అది. తరువాతి కాలంలో ఆయన తన ఆత్మకథకు నేలరాలిన పిచ్చుక అనే అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణం కూడా ఇదే. 1985లో ఆ గ్రంథం వెలువడింది.

అయితే దారి తెలిసినంత మాత్రాన గమ్యం చేరువ కాలేదు. కళాశాల చదువు ఆయనకు అచ్చిరాలేదు. మొదటి సంవత్సరంలోనే చదువు విడిచిపెట్టి, కుటుంబ వ్యాపారాలైన టంగ్‌స్టన్ గనులు, కలప పనులు చూసుకోవడానికి బర్మాలోని తవోయ్ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడి దట్టమైన అడవులలో ఆయన మనసు వ్యాపారం కంటె పక్షుల మీదనే లగ్నమైంది. 1917లో స్వదేశానికి తిరిగివచ్చి ఒకవైపు వాణిజ్య విద్యను, మరొకవైపు జంతుశాస్త్రాన్ని అభ్యసించారు. 1918లో తెహ్మీనాతో ఆయన వివాహం జరిగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడంతో పక్షిశాస్త్రానికి సంబంధించిన ఉద్యోగం దొరకడం కష్టమైంది. చివరకు 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుడిగా నియమితులయ్యారు. తన జ్ఞానం చాలదని గ్రహించి, 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్ళారు. బెర్లిన్ మ్యూజియంలో సుప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్‌మన్ ఆయనను శిష్యుడిగా స్వీకరించారు. సలీం ఆలీ జీవితాంతం ఆయననే గురువుగా భావించారు.

1930లో గొప్ప శిక్షణతో తిరిగివచ్చిన సలీం ఆలీకి స్వదేశంలో నిరాశ ఎదురైంది. నిధుల కొరత వల్ల మ్యూజియంలోని ఆయన ఉద్యోగాన్ని తొలగించారు. ముప్పై నాలుగేళ్ళ వయసు, వివాహితుడు, చేతిలో జీవనోపాధి లేదు. నగరంలో కాపురం భారమైంది. బొంబాయికి సమీపంలోని సముద్రతీర గ్రామం కిహీంలో ఉన్న ఒక చిన్న ఇంటికి ఆ దంపతులు మకాం మార్చారు.

అక్కడ వానాకాలం ప్రవేశించగానే ఇంటి సమీపంలోని చెట్లపైకి గిజిగాళ్ళ గుంపు చేరింది. గిజిగాడు తెలుగువారికి చిరపరిచితమైన పక్షి. మహాకవి జాషువా దానిపై ఒక ఖండికనే రచించారు. సన్నని ఆకుపీచులను ముక్కుతో అల్లి, కొమ్మ చివర వేలాడే గూడు కట్టడంలో దాని నేర్పు అసామాన్యం. ఉద్యోగం కోల్పోయిన మరొకరైతే ఆ పక్షులను గమనించి ఉండేవారు కారేమో. సలీం ఆలీ మాత్రం చెట్టు దగ్గర మాటు ఏర్పరచుకుని, రోజుల తరబడి, గంటల కొద్దీ కదలకుండా కూర్చుని వాటిని పరిశీలించారు. ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఏ గూడు ఎంతవరకు పూర్తయింది, ఏ గూటిలో ఏ ఆడపక్షి చేరింది అన్న వివరాలన్నీ రాసుకున్నారు.

ఆ పరిశీలనలో గిజిగాళ్ళ కుటుంబ జీవితం బయటపడింది. గూడు కట్టేది మగపక్షి. అది గూటిని సగం వరకు అల్లి ఆగుతుంది. అప్పుడు ఆడపక్షులు వచ్చి గూళ్ళను పరీక్షిస్తాయి. నచ్చిన గూటిని ఒక ఆడపక్షి ఎంచుకున్న తరువాతనే మగపక్షి మిగిలిన సగాన్ని, పొడవైన గొట్టం వంటి ద్వారాన్ని పూర్తిచేస్తుంది. నచ్చని గూడు సగంలోనే మిగిలిపోతుంది. ఆడపక్షి గుడ్లు పెట్టి పొదగడం ప్రారంభించగానే, మగపక్షి మరొక గూటిని అల్లి మరొక ఆడపక్షిని ఆహ్వానిస్తుంది. గుడ్లను పొదిగే బాధ్యత తల్లిదే. పెద్ద పక్షులు గింజలు తిని బతికినా, పిల్లలకు మాత్రం మిడతల వంటి పురుగులను తెచ్చి పెడతాయి.

ఈ విషయాలపై సలీం ఆలీ రాసిన వ్యాసం 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది. పక్షిశాస్త్రజ్ఞుల లోకంలో ఆయనకు గుర్తింపు తెచ్చిన రచన ఇది. దీనికోసం ఆయన ప్రయోగశాలను గాని, విలువైన పరికరాలను గాని ఉపయోగించలేదు. చెట్టు, గూళ్ళు, కాగితం, కలం, వీటికి తోడు అంతులేని ఓపిక, ఇవే ఆయన సాధనాలు. నాడు గుర్రపుశాలలో నక్కి కూర్చున్న బాలుడే కిహీంలో మళ్ళీ ఒక గూటి ఎదుట కూర్చున్నాడు. ఈసారి అతని చేతిలో తుపాకి లేదు. గూటి ముందు నుండి పక్షిని తొలగించకుండా చూసినందువల్లనే ఆ గూటి కథ మొదటి నుండి చివరి వరకు ఆయనకు తెలిసింది.

పరిశోధన కోసం పక్షుల నమూనాలను సేకరించక తప్పని కాలమది. సలీం ఆలీ కూడా ఆ పని చేశారు. అయినా బీరువాలోని చర్మం కంటె కొమ్మ మీది పక్షి నుండి నేర్చుకోవలసినది ఎక్కువని ఆయన దృఢంగా నమ్మారు. పక్షి ఏమి తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది, దాని బతుకు ఏ చెట్టుతో, ఏ నీటితో ముడిపడి ఉంది అన్నవే ఆయనను ఆకర్షించిన ప్రశ్నలు.

ఆ ప్రశ్నలతోనే ఆయన దేశాటన మొదలుపెట్టారు. ప్రయాణానికి, గుడారాలకు అయ్యే ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేస్తానని సంస్థానాల ముందు ప్రతిపాదన ఉంచారు. దానిని ముందుగా అంగీకరించినవారిలో హైదరాబాద్ సంస్థానం ఒకటి. 1931, 1932 సంవత్సరాలలో ఆయన ఆ సంస్థానంలో పర్యటించారు. ఆ విధంగా నేటి తెలంగాణ నేలపై ఆయన అడుగుజాడలు పడ్డాయి. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, కచ్, మైసూరు మొదలైన ప్రాంతాలలోనూ సర్వేలు జరిపారు. సౌకర్యాలకు అలవాటుపడిన కుటుంబంలో పెరిగిన తెహ్మీనా, అడవులలోని గుడార జీవితాన్ని ఇష్టపూర్వకంగా స్వీకరించి భర్తకు తోడుగా నిలిచారు. 1939లో ఒక శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించడం సలీం ఆలీకి తీరని లోటు. ఆ దుఃఖ సమయంలో సోదరి కుటుంబం ఆయనకు ఆశ్రయమిచ్చింది. ఆయన తన దుఃఖాన్ని పనిలోనే మరచిపోవడానికి ప్రయత్నించారు.

1941లో ఆయన రచించిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. పండితులకు మాత్రమే పరిమితమైన విషయాన్ని సామాన్యుల చేతికి అందించిన గ్రంథం అది. రంగుల బొమ్మల సాయంతో తమ పెరటిలోని పక్షిని ఎవరైనా గుర్తించగలిగే వీలు కలిగింది. తరువాత అమెరికా శాస్త్రవేత్త సిడ్నీ డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండంలోని పక్షులపై పది సంపుటాల మహాగ్రంథాన్ని రచించారు. 1968 నుండి 1974 వరకు ఆ సంపుటాలు వెలువడ్డాయి.

పక్షిని ప్రేమించినవాడు దాని నివాసాన్ని కాపాడక తప్పదు. భరత్‌పూర్ పక్షి ఆశ్రయం, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవుల రక్షణ కోసం సలీం ఆలీ తన గళాన్ని వినిపించారు. భారత ప్రభుత్వం ఆయనను 1958లో పద్మభూషణ్‌తోను, 1976లో పద్మవిభూషణ్‌తోను సత్కరించింది. 1985లో ఆయన రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అంతర్జాతీయ పురస్కారంగా లభించిన పెద్ద మొత్తాన్ని కూడా ఆయన ప్రకృతి సంరక్షణ నిధికే వినియోగించారు.

ఆయన జీవిత చరమాంకంలో తెలుగు నేల ఆయనకు ఒక ఆనందాన్ని అందించింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని భావించిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా ముళ్ళపొదల అడవిలో తిరిగి కనిపించింది. దానిని వెలుగులోకి తెచ్చింది సలీం ఆలీ తన జీవితాన్ని ధారపోసిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీయే. ఆ పక్షి జాడ తెలియడంలో స్థానికుల అనుభవజ్ఞానం ఎంతగానో తోడ్పడింది.

1987 జూన్ 20వ తేదీన, తొంభయ్యేళ్ళ వయసులో సలీం ఆలీ కన్నుమూశారు. కోయంబత్తూరులోని జాతీయ పక్షి పరిశోధన కేంద్రం ఆయన పేరుతోనే ఏర్పడింది. ఆయన జన్మదినమైన నవంబరు 12న పక్షి ప్రేమికులు దేశవ్యాప్తంగా ఆయనను స్మరించుకుంటారు.

తెలుగు పల్లెలలో కోతల కాలంలో వరికంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసే ఆచారం ఉంది. పక్షికి గింజ వేయడం దయాగుణం. గూటిని చేతితో తాకకుండా, దూరం నుండి కనిపెట్టి చూడడం వివేకం. చూసినదాన్ని చూసినట్లు రాసిపెట్టుకోవడం శాస్త్రానికి తొలిమెట్టు. పట్టా లేక, ఉద్యోగం లేక ఒక పల్లెటూరి ఇంటికి చేరిన మనిషి, ఇంటి ముందరి చెట్టునే విశ్వవిద్యాలయంగా మార్చుకుని జగత్ప్రసిద్ధుడైన వృత్తాంతం విద్యార్థులు మననం చేసుకోదగినది. ఒక గూటిని పడగొట్టడానికి క్షణం చాలు. దానిని తెలుసుకోవడానికి ఒక ఋతువంతా ఓపిక పట్టాలి. సలీం ఆలీ జీవితం ఆ ఓపికకు దక్కిన ఫలం.