విభజన చెందని కణం: హాబర్లాంట్ కథ

లిల్లీ వంటి పూలమొక్కల గడ్డల నుంచి పొలుసు ముక్కలు తీసి, హార్మోన్లు కలిపిన పోషక మాధ్యమంలో పెంచితే చిన్నచిన్న గడ్డలు పుట్టుకొస్తాయి. ఈ కణజాల వర్ధనానికి బాట చూపిన వృక్షశాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్లాంట్ మాత్రం తన ప్రయోగంలో విఫలమయ్యారు.

1854లో హంగరీలో జన్మించిన ఆయన ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆచార్యులుగా పనిచేశారు. మొక్కలోని ఒక్కో కణానికి పూర్తి మొక్కగా ఎదిగే శక్తి ఉండవచ్చని భావించి, ఆర్నిథోగాలమ్ అనే గడ్డజాతి మొక్క ఆకు కణాలను, మన చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క కణాలను సైతం పోషక ద్రావణంలో ఉంచారు. కణాలు వారాల తరబడి బతికాయి, పరిమాణంలో పెరిగాయి. ఒక్కటీ విభజన చెందలేదు. ఆ వైఫల్యాన్ని దాచకుండా 1902లో ప్రచురించడం సామాన్యమైన నిజాయతీ కాదు.

పూర్తిగా ముదిరిన కణాలను ఎంచుకోవడం ఒక లోపం. విభజనను ప్రేరేపించే హార్మోన్లు అప్పటికింకా ఎవరికీ తెలియకపోవడం మరొకటి. బెర్లిన్‌కు మారాక, బంగాళదుంప ముక్కల్లో ఆహారవాహక కణజాలం నుంచి వెలువడే ఏదో పదార్థం విభజనకు కారణమవుతోందని 1913లో ఆయనే గుర్తించారు.

1939లో ఫ్రాన్స్, అమెరికా శాస్త్రవేత్తలు కణజాలాన్ని నిరవధికంగా పెంచగలిగేనాటికి ఆయనకు 84 ఏళ్లు. 1945 జనవరిలో, యుద్ధం ముగియకముందే బెర్లిన్‌లో కన్నుమూశారు. కణ విభజనను రేకెత్తించే కైనెటిన్ వెలుగుచూసింది ఆ తర్వాత పదేళ్లకు.